ఉత్తర కొరియా కిమ్‌ని నిలబెట్టింది వారసత్వమా, సొంత తెగువా?

అమలాపురం అబ్బాయి:
2011 డిసెంబరు 17న తండ్రి కిమ్ జోంగ్ ఇల్ పోయేనాటికి కిమ్ జోంగ్ ఉన్‌కి ముప్ఫై నిండలేదు. తండ్రినైతే 1980 పార్టీ మహాసభలోనే వారసుడిగా జనం ముందు నిలబెట్టారు, 1994 దాకా ఆయన తన తండ్రి, అంటే ఇతని తాత కిమ్ ఇల్ సంగ్ చాటున పని నేర్చుకున్నాడు. ఇతనికి దొరికింది 2010 సెప్టెంబరు నుంచి పదిహేను నెలలే. ఇంటిపేరు గద్దె ఎక్కించిందేమో గానీ నిలబెట్టింది తెగువే. తండ్రి శవయాత్రలో కారు పక్కన నడిచిన నలుగురు సైనిక, భద్రతా పెద్దల్లో ఏడాది తిరిగేసరికి ఒక్కరూ ఆనాటి పదవిలో లేరు.

తణుకు తెలుగు మాస్టారు:
బాబూ, సైన్యాధిపతి రి యోంగ్ హోని 2012 జులైలో జబ్బు వంకతో తప్పించింది ఎవరు? పార్టీ పొలిట్‌బ్యూరో. నాయకుడి మాటే శాసనమన్న పది సూత్రాలు తండ్రి 1974లో పెట్టినవి. నిఘా, జైళ్లు అన్నీ సిద్ధంగా అమర్చి ఇచ్చారు. అందులో కుర్రాడి గొప్పేముంది?

రాజమండ్రి వాసి:
మాస్టారూ, అమర్చి ఇస్తే సరిపోదండి. మన రాజరాజ నరేంద్రుణ్ణే చూడండి. వేంగి గద్దె న్యాయంగా తనదే. సవతి తమ్ముడు విజయాదిత్యుడు అడ్డుపడితే మేనమామ రాజేంద్ర చోళుడి సైన్యం వచ్చి 1022లో పట్టం కట్టించాల్సి వచ్చింది. ఆ తర్వాతా మధ్యలో గద్దె పోగొట్టుకున్నాడు, మళ్లీ చోళులే దిక్కయ్యారు. అండగా నిలిచినవాడి చెయ్యి నెత్తిమీద ఉన్నన్నాళ్లూ రాజు సగం రాజేనండి.

అమలాపురం అబ్బాయి:
నేను చెప్పేదీ అదే అన్నయ్యా. కిమ్‌కి ఆ చెయ్యి మేనత్త మొగుడు జాంగ్ సోంగ్ థేక్‌ది. చైనాతో వ్యవహారాలు, బొగ్గు ఎగుమతుల డబ్బు ఆయన గుప్పిట్లో ఉండేవి. 2013 డిసెంబరులో పొలిట్‌బ్యూరో సమావేశంలో అందరూ చూస్తుండగా రెక్కలు పట్టి లేపుకుపోయారు, ఆ ఫొటో టీవీలో చూపించారు. నాలుగు రోజులకే ఉరో, కాల్పులో, చంపేశారు. వనరులు విదేశానికి చవగ్గా అమ్మేశాడన్నది నేరాల్లో ఒకటి. తండ్రి కాలంలో ఇంటి పెద్దల్ని దూరం పెట్టేవారు గానీ ఇలా ఊరందరి ముందు చంపలేదు. సైన్యం పెత్తనం తగ్గించి పార్టీని పైకి తెచ్చిందీ ఇతనే. 36 ఏళ్లుగా జరగని మహాసభ 2016లో పెట్టించాడు.

తణుకు తెలుగు మాస్టారు:
ఆ లాక్కుపోయిన చేతులు ఎవరివి బాబూ? తండ్రి పెంచిన యంత్రాంగానివే. అది వద్దంటే ఎంత తెగువ ఉన్నా మేనమామ వరసవాణ్ణి ముట్టుకోగలిగేవాడా?

భీమవరం అక్క:
తెగువ అని పదే పదే అంటుంటే మనసు చివుక్కుమంటోంది తమ్ముడూ. ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం 2014లో చెప్పిన లెక్కలో అక్కడి రాజకీయ ఖైదీలు 80,000 నుంచి 1,20,000 మంది. 2017లో కౌలాలంపూర్ విమానాశ్రయంలో కిమ్ సవతి అన్న ముఖానికి విషం పూసి చంపారు. దాన్ని భయం అనండి, ఒప్పుకుంటాను. వారసత్వం దానంతటదే నడిచేదైతే, 2022 నవంబరులో పసి వయసు కూతుర్ని క్షిపణి పక్కన చెయ్యి పట్టి నడిపించాల్సిన పనేంటి మాస్టారూ? తనకు దక్కని ఏళ్లు ఆ పిల్లకి ఇప్పటినుంచే కూడబెడుతున్నాడు.