సార్డీనియాలో కాలా గొలోరిత్సే: అమ్మానాన్నలతో వెళ్ళొచ్చా?

కాకినాడ_కుర్రాడు
అందరికీ నమస్తే. మిలాన్‌లో ఉంటాను. సెప్టెంబరులో అమ్మానాన్నలు వస్తున్నారు. ఇటలీ దీవి సార్డీనియాలో ఉన్న కాలా గొలోరిత్సే తీరం ఫొటో చూసినప్పటి నుంచి నాన్నది ఒకటే మాట, అక్కడికి వెళ్ళాలని. ఆయనకి 63, రోజూ పొద్దున్నే నడుస్తారు. అమ్మకి మాత్రం మోకాళ్ళ నొప్పులు. వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

నేరేడుచెట్టు
మేం జూన్‌లో వెళ్ళామండి. బౌనేయి ఊరి నుంచి మెలికల రోడ్డు మీద గోల్గో పీఠభూమికి కారులో ఎక్కాలి. సు పోర్తెద్దు దగ్గర బండి ఆపేసి అక్కడి నుంచి నడకే. మూడున్నర కిలోమీటర్లలో దాదాపు 470 మీటర్లు దిగుతాం. తిరుమల మెట్ల దారిలో ముందు ఎక్కుతాం, అలిసేసరికి కొండ మీదుంటాం. ఇక్కడ వరస తారుమారు. హాయిగా దిగి, ఈతకొట్టి, ఎండకి ఒళ్ళు వడలిపోయాక అప్పుడు ఎక్కాలి. నాన్నగారికి ఈ ముక్క ముందే చెప్పండి.

దారంతా సున్నపురాయి, కాలి కింద దొర్లుతుంది. చెప్పులతో అస్సలు వద్దు, పట్టున్న బూట్లు కావాలి. తీరానికి రోజుకి 250 మందినే రానిస్తారు, కాబట్టి టికెట్ ముందే తీసుకోండి. మేం వెళ్ళినప్పుడు మనిషికి 7 యూరోలు.

కిందికి చేరాక మాత్రం మాటలు రావు. తెల్లటి గులకరాళ్ళు, పైన 143 మీటర్ల సూది లాంటి శిఖరం. దాన్ని అగూల్య అంటారు. నీళ్ళలో నడుస్తుంటే ఒక్కోచోట కాళ్ళకి జివ్వుమని చల్లగా తగులుతుంది. కొండలో ఇంకిన వాననీరు అక్కడ సముద్రం అడుగు నుంచి ఊటగా వస్తుంది.

సీమబాటసారి
తమ్ముడూ, నీళ్ళ సంగతి నా దగ్గర విను. మాది అనంతపురం, ఎండ నాకు లెక్క కాదనుకున్నా. ఆగస్టులో ఇద్దరికీ కలిపి ఒకటిన్నర లీటరు తీసుకుపోయాం. కింద కొట్టు లేదు, కుళాయి లేదు. ఎక్కేటప్పుడు సగం దారిలో నా స్నేహితుడికి తొడలు పట్టేసి కూలబడ్డాడు. ఫోన్ సిగ్నల్ కూడా అందలేదు. దారిన పోతున్న ఒక కుటుంబం వాళ్ళ సీసా చేతిలో పెట్టింది. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ భయమే. మనిషికి మూడు లీటర్లు పట్టుకుపో. ఒక సీసాలో ఉప్పు, పంచదార, నిమ్మరసం కలిపి పెట్టుకో.

ఇంకోటి. తీరం తూర్పు ముఖం, వెనకంతా కొండ. మధ్యాహ్నం గడిచేకొద్దీ నీడ కమ్మేస్తుంది. నీళ్ళ రంగు చూడాలంటే పొద్దున్నే దిగాలి.

తూరినో_అక్క
అమ్మగారిని నడిపించొద్దు బాబూ. మా అత్తయ్యని సాంతా మరియా నవర్రేజే అనే తీరపు ఊరి నుంచి బోటులో తీసుకెళ్ళాను. గొలోరిత్సే ఒడ్డుకి బోట్లని రానివ్వరు, దూరం నుంచే చూపిస్తారు. దిగేది కాలా మారియోలు లాంటి వేరే తీరాల్లో. మారియోలు అంటే దొంగ అట. వలల్లో చేపలు కాజేసే సీల్ అనే సముద్ర జంతువుని జాలర్లు అలా తిట్టేవారని చెబుతారు. అత్తయ్యకి ఆ కథ ఎంత నచ్చిందో!

దయచేసి ఒక్క గులకరాయి కూడా తెచ్చుకోవద్దు. సార్డీనియా తీరాల నుంచి ఇసుకగానీ రాళ్ళుగానీ తీసుకుపోవడం 2017 చట్టం ప్రకారం నేరం, 500 నుంచి 3,000 యూరోల దాకా జరిమానా. జరిమానా అటుంచండి, ఆ తీరానికి ఉన్నవే ఆ రాళ్ళు.

కాకినాడ_కుర్రాడు
వెళ్ళొచ్చాం. అందరికీ చేతులెత్తి దండం.

నాన్నా నేనూ నడిచాం, అమ్మని మా చెల్లితో బోటు ఎక్కించాం. దిగడానికి గంటన్నర, ఎక్కడానికి రెండున్నర గంటలు పట్టింది. ప్రతి మలుపులో ఆగాం. నీళ్ళు ఆరు లీటర్లు మోశాను, పైకి వచ్చేసరికి అర సీసా మిగిలింది. సీమ అన్నా, నీ మాట విన్నందుకే నాన్న నిలబడగలిగారు.

1962లో కొండచరియ విరిగిపడి ఈ తీరం ఏర్పడిందని చెబితే, నాన్న చాలాసేపు ఆ రాళ్ళ మీదే చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. ఆయన పుట్టిందీ ఆ ఏడే.

పదకొండింటికి దూరంగా నాలుగైదు బోట్లు వచ్చాయి. అమ్మ ఎందులో ఉందో తెలియదు. నాన్న మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి తువ్వాలు తీసి అన్నిటికీ ఊపారు. సాయంత్రం అమ్మని అడిగితే, "ఎర్రంచు తువ్వాలేగా, కనబడకేం" అంది.