పాత ఫైరింజన్ కొని తోటకు నీళ్ల బండిగా మార్చుకోవచ్చా?

దేవరకొండ బత్తాయి
అన్నలూ, మాకు దేవరకొండ దగ్గర నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. మార్చి దాటితే బోరు గంట పోసి ఆగిపోతుంది. ట్రాక్టర్ ట్యాంకర్లు కొని పోసినా పోయినేడు నలభై చెట్లు ఎండిపోయాయి, పదేళ్లు పెంచిన చెట్లను కట్టెలకు అమ్ముతుంటే కడుపు తరుక్కుపోయింది. ఇప్పుడు ఒకాయన పాత ఫైరింజన్ ఉంది, తీసుకో అంటున్నాడు. 4,500 లీటర్ల ట్యాంకు, వెనక పంపు, తిరిగింది 22,000 కిలోమీటర్లే. చెట్టుకు వంద లీటర్లు పోసినా ట్రిప్పుకు 45 చెట్లు తడుస్తాయి. తీసుకోమంటారా?

జడ్చర్ల లారీ
ముందు అది ఎవరి బండో కనుక్కో తమ్మీ. ప్రభుత్వ బండి అయ్యి 15 ఏళ్లు దాటితే ఆశ వదులుకో, 2023 ఏప్రిల్ 1 నుంచి అలాంటి వాటికి రిజిస్ట్రేషన్ చెల్లదు, స్క్రాప్ సెంటర్‌కే పోవాలి. ఫ్యాక్టరీ వాళ్ల సొంత బండి అయితే దారి ఉంది. ఆర్సీ నీ పేరు మీదికి మారాలి, బాడీ మార్చేముందు ఆర్టీఏ అనుమతి కావాలి, సైరన్, పైన తిరిగే లైట్లు తీసేయాలి. కాగితాలు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకు.

మిర్యాలగూడ వెల్డింగ్
కిలోమీటర్లు చూసి మోసపోకు. ఫైరింజన్ ఏళ్ల తరబడి నిండు ట్యాంకుతోనే నిలబడి ఉంటుంది, నాలుగున్నర టన్నుల బరువు రాత్రీ పగలూ కమాన్ కట్టల మీదే. బండి ఒక పక్కకు ఒరిగిందేమో వెనక నుంచి చూడు. టైరు అరగకపోయినా రబ్బరు పగిలి ఉంటుంది, పక్కన నాలుగంకెలు ఉంటాయి చూడు, 3112 అని ఉంటే 2012లో 31వ వారం తయారైందని. ట్యాంకు లోపల టార్చి వేసి అడుగు చూడు, మధ్యలో ఉన్న అడ్డరేకులను మాత్రం ఎవరు చెప్పినా కోయించకు, అవి లేకపోతే మూలమలుపులో నీళ్లన్నీ ఒక పక్కకు కొట్టి బండి పల్టీ కొడుతుంది.

అసలు లాభం పంపుతోనే. అది పీటీఓ (ఇంజను శక్తిని పంపుకు అందించే గేరు) మీద ఇంజనుతో తిరుగుతుంది, ప్రైమింగ్ (పైపులో గాలి తీసేసి నీళ్లు ఎక్కించే ఏర్పాటు) బాగుంటే వేరే మోటారు లేకుండా చెరువులో సక్షన్ పైపు వేసి ట్యాంకు నింపుకోవచ్చు. కానీ ఇరవై అడుగులు దాటి లోతున్న బావి నుంచి లాగదు. చెట్లకు మాత్రం పంపుతో కొట్టకు, చాలా బండ్లలో అది నిమిషానికి 1,800 లీటర్లు తోస్తుంది, పాదులో మట్టి లేచిపోయి వేర్లు బయటపడతాయి. ట్యాంకు అడుగున రెండున్నర అంగుళాల వాల్వు పెట్టించి, వాలుకు వదులు. మంటలార్పే నురగ మందు పోసే ఫోమ్ ట్యాంకు ఉంటే ఊడదీయించు, ఆ మందు తోటలో పడకూడదు.

దేవరకొండ బత్తాయి
ఈరోజు పోయి చూసొచ్చాను అన్నా. ఫ్యాక్టరీ బండే, ఆర్సీ కంపెనీ పేరు మీద ఉంది. టైర్ల మీద 0914. ట్యాంకులో చెయ్యి పెడితే తుప్పు పొరలు పొరలుగా వచ్చింది. పంపు తిప్పమంటే బ్యాటరీ లేదన్నారు.

మిర్యాలగూడ వెల్డింగ్
బ్యాటరీ నువ్వే పట్టుకుపో. చెరువు దగ్గర పంపు నీళ్లు లాగిందాకా ధర మాట్లాడకు. ఆరు టైర్లు, ట్యాంకు అడుగు రేకు కొత్తగా వేయించే ఖర్చు వాళ్ల ధరలో తగ్గించి అడుగు, ఒప్పుకోకపోతే ఆ డబ్బుతో ట్రాక్టర్ ట్యాంకరే కొనుక్కో. ఈ ఏడాది చెట్లు దక్కాలి, బండి కాదు.