సముద్రపు గాలికి సిమెంటు బల్లలు పెచ్చులూడుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మాది భీమిలి దగ్గర తీరంలో ఊరు. గుడి ముందు వేయించిన సిమెంటు బల్లలు నాలుగైదేళ్లకే అడుగున పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. కొత్తవి పోయించాలి. కాంక్రీటులో సిమెంటు మోతాదు పెంచితే చాలంటున్నాడు మేస్త్రి. నిజమేనా?

జవాబు: అదొక్కటే చాలదండి. పాత పలక మందం ఎంత?

ప్రశ్న: మూడంగుళాలు. మధ్యలో 8 ఎంఎం చువ్వలు.

జవాబు: తిరకాసు అక్కడే ఉంది. ఉప్పుగాలిలోని క్లోరైడ్లు కాంక్రీటులోకి మెల్లగా ఇంకి చువ్వ దాకా చేరతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, పైనున్న కాంక్రీటును నెట్టేస్తుంది. అందుకే కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 తీరప్రాంతానికి 45 మి.మీ., అలల తుంపర పడేచోట 50 మి.మీ. కవర్ (చువ్వను కప్పి ఉంచే కాంక్రీటు మందం) అడుగుతుంది. మీ పలక మొత్తం 75 మి.మీ. పైనా కిందా 45 చొప్పున వదిలితేనే 90 అయింది, ఇక చువ్వకు చోటేది?

పలక ఐదంగుళాలైనా చేయండి, లేదా ఇనుమే మానేసి నేలకు ఆనేలా నిండు దిమ్మ పోయించండి. నా ఓటు దిమ్మకే. ఐదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే ఎత్తుంటే ముప్పావు టన్ను తూగుతుంది కాబట్టి ఉన్నచోటే పోయాలి. ఎవరూ ఎత్తుకుపోరు కూడా!

పలకే కావాలంటే కాంక్రీటు బలం ఎం30 గ్రేడుకు తగ్గొద్దు. నీళ్లు సిమెంటు బస్తాకు 22 లీటర్లు దాటకూడదు, ఇసుకలోని తడి కూడా ఆ లెక్కలోదే. పోయడం కష్టమని మేస్త్రి ఇంకో బకెట్ కొట్టబోతాడు. ఒప్పుకోకండి, నీళ్లు పెంచకుండానే కాంక్రీటును జారుగా చేసే ప్లాస్టిసైజర్ మందు కలిపించండి. చువ్వల కింద కంకర ముక్కలు కాకుండా కాంక్రీటు కవర్ బ్లాకులు పెట్టించండి.

మరో సభ్యుడు: స్లాగ్ సిమెంటు (ఇనుము కొలిమి చిట్టెం కలిపినది) దొరికితే అదే తీసుకోండి, క్లోరైడ్లను బాగా అడ్డుకుంటుంది. కాకపోతే గట్టిపడటం నిదానం. పది రోజులకు తగ్గకుండా గోనెపట్టాలు తడిగా ఉంచాలి. ఉప్పు బోరు నీళ్లు క్యూరింగ్‌కు, అంటే ఇలా తడిపి ఉంచడానికి కూడా వద్దు. సముద్రపు ఇసుక మాటే ఎత్తొద్దు. కూర్చునే పైభాగానికి కాస్త వాలు ఇవ్వండి, వాన నీళ్లు నిలవవు. అంచులు కోణంగా వదిలేస్తే ముందు చిట్లేవి అవే, అంగుళం మేర ఏటవాలుగా కొట్టించండి.

ప్రశ్న: దిమ్మే ఖాయం చేశాం. దాత పేరున్న గ్రానైట్ పలకను ఇనుప బోల్టులతో బిగించొచ్చా?

జవాబు: వద్దండి, మళ్లీ అదే తుప్పు. అచ్చులోనే పలక మందాన గాడి వదిలించి, ఆరాక ఎపాక్సీ జిగురుతో అతికించండి.