పాత డెస్క్‌టాప్‌కి ఫ్రీ యాంటీవైరస్ ఏది వేయాలి? (విండోస్ 10, 4 జీబీ ర్యామ్)

మున్నేరు_ఒడ్డు:
అందరికీ నమస్తే. ఊళ్లో మా నాన్నగారి దగ్గర ఒక డెస్క్‌టాప్ ఉంది, 2014లో కొన్నది, ఐ3 నాలుగో జనరేషన్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఆయన రిటైర్డ్ టీచర్, పెన్షనర్ల సంఘం లెక్కలు, మీటింగ్ కాగితాలు అన్నీ అందులోనే టైప్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి జిరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తారు. మూడేళ్ల కింద నేనే ఒక ఫ్రీ యాంటీవైరస్ వేసి ఇచ్చాను. ఇప్పుడది గంటకోసారి డబ్బు కట్టి అప్‌గ్రేడ్ అవ్వమంటోంది, సిస్టమ్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికే పది నిమిషాలు. దానికి తోడు పోయిన వారం నుంచి కుడిపక్క కింద మూల ఎర్రగా ఒక బాక్స్ వస్తోందట, మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే నొక్కండి అని. నొక్కితే ఏదో నంబర్ చూపించి ఫోన్ చేయమందట. ఆయన చేయబోయి, ఎందుకో అనుమానం వచ్చి నాకు చేశారు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్, పెన్షన్ అకౌంట్ కూడా ఆ క్రోమ్‌లోనే చూసుకుంటారు మరి. నేను బెంగళూరులో ఉంటాను, సంక్రాంతికి గానీ వెళ్లలేను. కొనేయమంటారా, ఫ్రీవాటిల్లో తేలికైనది ఏదైనా ఉందా?

సిస్టమ్_రిపేర్:
ఆ ఎర్ర బాక్స్ వైరస్ కాదండి, యాంటీవైరస్ చూపించేదీ కాదు. ఎప్పుడో ఏదో సైట్‌లో అలో అని నొక్కేసి ఉంటారు, ఆ సైటు క్రోమ్ ద్వారా నోటిఫికేషన్లు పంపుతోంది. ఈసారి వచ్చినప్పుడు అందులో చిన్న అక్షరాలు చదవమనండి, గూగుల్ క్రోమ్ అని, ఆ సైట్ పేరు ఉంటాయి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, దాంట్లో సైట్ సెట్టింగ్స్, దాంట్లో నోటిఫికేషన్స్. అక్కడ అలో లిస్టులో ఉన్నవన్నీ తీసేయించండి, ఇకమీదట ఏ సైటూ అడగకుండా కూడా అక్కడే ఆపొచ్చు. ఫోన్‌లో చెప్పి చేయించగలిగిన పనే, సంక్రాంతి దాకా ఆగకండి.

యాంటీవైరస్ విషయానికొస్తే, కొత్తది వేయొద్దు, ఉన్నదీ తీసేయండి. విండోస్ 10లో డిఫెండర్ అని మైక్రోసాఫ్ట్ వాళ్ల సొంత యాంటీవైరస్ లోపలే ఉంటుంది. బయటిది వేసినప్పుడు అది తనంతట తానే తప్పుకుంటుంది, మీది తీసి రీస్టార్ట్ చేస్తే మళ్లీ పనిలోకి వస్తుంది. చాలామంది బయటివి రెండు పెడితే రెండు కాపలాలు అనుకుంటారు. ఒకటి చూసిన ఫైలునే రెండోదీ చూస్తూ కూర్చుంటే ఆ 4 జీబీ ర్యామ్ ఎక్కడ సరిపోతుంది చెప్పండి. అనుమానం ఉంటే నెలకోసారి మాల్‌వేర్‌బైట్స్ ఫ్రీతో స్కాన్ చేయండి, ట్రయల్ రోజులు అయ్యాక అది మనం అడిగినప్పుడే స్కాన్ చేస్తుంది కాబట్టి డిఫెండర్‌కి అడ్డు రాదు.

అంతకంటే ముఖ్యం విండోస్ అప్‌డేట్లు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 మీ ప్రాసెసర్‌కి ఇవ్వరు, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచే. అయితే ఈఎస్‌యూ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్) అనే పథకం కింద 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తున్నారు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు అక్కర్లేదు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ లింకు కనిపిస్తుంది, విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. డిఫెండర్ వైరస్ లిస్టులైతే 2028 అక్టోబర్ వరకు వస్తాయి గానీ, విండోస్‌లోనే పడిన కన్నాన్ని ఏ యాంటీవైరసూ పూడ్చలేదు.

డీటీపీ_సెంటర్:
పై ఆయన చెప్పినవి కరెక్టే. కానీ నాన్నగారి సిస్టమ్‌కి అసలు ప్రమాదం పెన్‌డ్రైవ్ నుంచి, ఇది నేను షాపు నడుపుతూ చెబుతున్నాను. రోజంతా ఊరి పెన్‌డ్రైవ్‌లన్నీ మా సిస్టమ్‌కే తగులుతాయి, ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒకటి అంటించి పోతుంది. ఇంటికెళ్లి తెరిస్తే మీ ఫోల్డర్ల మీద ఎడమ మూల చిన్న బాణం గుర్తు కనిపిస్తుంది, అంటే అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్‌లు. డబుల్ క్లిక్ చేశారా, వైరస్ మీ సిస్టమ్‌లోకి వచ్చేసినట్టే. అది చూసి ఫైళ్లు పోయాయని ఏడ్చినవాళ్లు ఉన్నారు, ఫార్మాట్ కొట్టినవాళ్లూ ఉన్నారు. పోవండి, చాలావరకు దాచిపెట్టి ఉంటాయంతే. ముందు పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేసి, తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైళ్లు, ప్రొటెక్టెడ్ సిస్టమ్ ఫైళ్లు రెండూ కనిపించేలా పెట్టి మీవి కాపీ చేసుకోండి.

అసలు పెన్‌డ్రైవ్ ఎందుకండీ? పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో షాపుకి పంపమనండి, మేమే ప్రింట్ తీసి ఉంచుతాం. ఇంకో మాట, సర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) వాళ్ల సైబర్ స్వచ్ఛతా కేంద్రం అని 2017 నుంచి ఉంది, క్విక్ హీల్, ఈస్కాన్, కే7 వాళ్ల బాట్ రిమూవల్ టూల్స్ (సిస్టమ్‌లో దాక్కున్న వైరస్‌లను తీసేసేవి) అక్కడ ఫ్రీగా దొరుకుతాయి. వాటిని కూడా ఒకసారి నడిపి చూడొచ్చు.

ఉబుంటు_అన్న:
విండోస్ తీసేసి దాని బదులు లైనక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ వేసేయండి, 4 జీబీలో హాయిగా నడుస్తుంది, అప్‌డేట్ల గొడవే ఉండదు. మా అమ్మ నాలుగేళ్లుగా వాడుతోంది.

మున్నేరు_ఒడ్డు:
అన్నా, నాన్నగారు తెలుగు టైప్ చేసేది విండోస్‌లో వాడే పాత అను ఫాంట్లలో, పాత ఫైళ్లన్నీ అవే. మింట్‌కి మారితే ఆయన చేతికొచ్చిన పని పోతుంది, ఈ వయసులో అది అడగలేను.

రిపేర్ గారూ, నిన్న రాత్రి వీడియో కాల్ పెట్టి చేయించాను. అలో లిస్టులో పదకొండు సైట్లు ఉన్నాయి! ఒక్కోటి ఆయనే పైకి చదువుతూ తీసేశారు. పొద్దున్నుంచి ఎర్ర బాక్స్ రాలేదు. ఆ పాత యాంటీవైరస్ తీసేటప్పుడు వద్దు వద్దంటూ మూడుసార్లు అడిగింది, అయినా తీసేశాం, ఇప్పుడు సెక్యూరిటీ పేజీలో పచ్చ టిక్కులు వచ్చాయి. పెన్‌డ్రైవ్ స్కాన్ చేస్తే రెండు దొరికాయి, డీటీపీ అన్న చెప్పిన బాణాలు నిజంగానే ఉన్నాయి. స్పీడ్ కొంచెం నయం, కానీ ఇంకా నాలుగైదు నిమిషాలు పడుతోంది.

సిస్టమ్_రిపేర్:
ఆ మిగతాది హార్డ్ డిస్క్ వల్ల. సంక్రాంతికి వెళ్లేటప్పుడు దాని స్థానంలో పెట్టడానికి 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే డిస్క్) ఒకటి తీసుకెళ్లండి, కుదిరితే ఇంకో 4 జీబీ ర్యామ్. తీసిన పాత డిస్క్ పారేయకండి, ఒక యూఎస్‌బీ కేస్ కొని అందులో పెట్టి, నాన్నగారి ఫైళ్లన్నీ దానిలోకి కాపీ చేసి, కేబుల్ పీకి బీరువాలో ఉంచమనండి. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే తగిలించి ఉన్న డిస్కులన్నీ లాక్ చేస్తుంది, బీరువాలో ఉన్నదాని జోలికి వెళ్లలేదు.