తరగతి గది డిజిటల్ ప్యానెల్ మీద ఓమ్ నియమం ఫైలు తెరిస్తే తెల్ల తెరే వస్తోంది

చంద్రగిరి టీచర్:
మధ్యాహ్నం నుంచి దీనితోనే కుస్తీ పడుతున్నాను. రేపు మొదటి పీరియడ్‌లో పదో తరగతికి ఓమ్ నియమం (వోల్టేజీ పెరిగితే కరెంటూ అదే నిష్పత్తిలో పెరుగుతుందనేది) చెప్పాలి. సైన్స్ పాఠాల వెబ్‌సైటు ఫెట్ వారి సర్క్యూట్ వీడియోను పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. ఇంట్లో చక్కగా నడిచింది. బడిలో తెల్ల తెర తప్ప ఏమీ రావడం లేదు. పెన్‌డ్రైవ్ మార్చాను, ప్యానెల్ ఆపి మళ్లీ వేశాను. ఇక్కడ నెట్ లేదు. ఎవరైనా దారి చెప్పండి.

పుత్తూరు కంప్యూటర్ టీచర్:
వీడియోనా, సిమ్యులేషనా (మనమే మార్చి చూడగల తెరమీది ప్రయోగమా)? ఫైలు పేరు చివర ఏముంది? పాత ఫ్లాష్ (యానిమేషన్ల సాఫ్ట్‌వేర్) ఫైలైతే ఆశ వదులుకోండి, 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు మద్దతు ఆగిపోయింది.

పలమనేరు విశ్రాంత ఉపాధ్యాయుడు:
ఓమ్ నియమానికి తెర ఎందుకమ్మా? బ్యాటరీలు, నిక్రోమ్ తీగ, అమ్మీటర్, వోల్ట్‌మీటర్ చాలు. తీగ వదులుగా ఉంటే ముల్లు కదలదు. పిల్లవాడు అది చూసి, మళ్లీ బిగించి, రీడింగులు తీసుకుని గ్రాఫు గీస్తే ఆ నియమం వాడి సొంతమవుతుంది. తెర మీద కనెక్షన్ వదులు కాదు. పైగా అందులో మామూలుగా ఇచ్చే బల్బు నిరోధం మారదు. నిజమైన బల్బులో ఫిలమెంటు వేడెక్కేకొద్దీ నిరోధం పెరిగి గ్రాఫు వంగుతుంది. ఆ వంపు చూడని పిల్లలు ఈ నియమం అన్నిటికీ వర్తిస్తుందనుకుంటారు.

మదనపల్లె సైన్స్ టీచర్:
తీగలో ఎలక్ట్రాన్ల కదలికను మీ అమ్మీటర్ చూపించదు కదా మాస్టారూ. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్‌లో అది కనిపిస్తుంది. ముందు సిమ్యులేషన్, తర్వాత ప్రయోగం.

పలమనేరు విశ్రాంత ఉపాధ్యాయుడు:
ప్రయోగమే ముందు. దీనిలో నేను రాజీపడను.

చంద్రగిరి టీచర్:
సర్, ఫైలు పేరు చివర హెచ్‌టీఎంఎల్ అని ఉంది. ఇంట్లో ల్యాప్‌టాప్. బడిలోది ఆండ్రాయిడ్ ప్యానెల్.

పుత్తూరు కంప్యూటర్ టీచర్:
అదే కారణం. మీది వీడియో కాదు, వెబ్‌పేజీలా తెరుచుకునే సిమ్యులేషన్. ఫైలును నేరుగా నొక్కితే హెచ్‌టీఎంఎల్ వ్యూయర్‌లో తెరుచుకుంటోంది. అది జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామ్ కోడ్‌ను నడపదు, ఈ సిమ్యులేషన్ నడిచేదే దానితో. ఫైలును ప్యానెల్ మెమరీలోకి కాపీ చేసి, దానిపై నొక్కి పట్టి, ‘ఓపెన్ విత్’లో క్రోమ్ ఎంచుకోండి. నెట్ అక్కర్లేదు.

చంద్రగిరి టీచర్:
వచ్చింది సర్, ధన్యవాదాలు. మాస్టారూ, మా ల్యాబులో నిక్రోమ్ తీగ లేదు. తిరుపతిలో ఎక్కడ దొరుకుతుంది?

పలమనేరు విశ్రాంత ఉపాధ్యాయుడు:
హీటర్లు బాగుచేసే కొట్లో కాయిల్ అడగమ్మా. ముక్క కత్తిరించి వాడు. బ్యాటరీకే కలపాలి, ప్లగ్గు జోలికి పిల్లలను పోనివ్వకు.