అక్వైర్ పోటీ: చేతిలో డబ్బు ఉంచుకోవాలా?

ప్రశ్న: వచ్చే వారం అక్వైర్ (పలకలు పేర్చి సంస్థలు పెంచుతూ, వాటి వాటాలు కొనే బోర్డు ఆట) పోటీలో మొదటిసారి కూర్చుంటున్నాను. నాకు తెలిసింది ఒకటే పద్ధతి: ప్రతి వంతులో మూడు వాటాలూ కొనేయడం. మొదట ఇచ్చే 6,000 డాలర్లు ఇట్టే కరిగిపోతాయి, ఆపై విలీనం (పెద్ద సంస్థ చిన్నదాన్ని మింగడం) కోసం దిక్కులు చూడటమే. నలుగురు గట్టి ఆటగాళ్ల మధ్య ఇది చెల్లుతుందా?

జవాబు: చెల్లుతుంది, కానీ విలీనంలో ముందు మునిగే చిన్న సంస్థలో వాటాల లెక్కన మీకు మొదటి లేదా రెండో స్థానం ఉండాలి. పాత నియమాల్లో మొదటివారికి బోనస్ వాటా ధరకు పది రెట్లు, రెండోవారికి ఐదు రెట్లు. మూడోవారికి బోనస్ సున్నా.

మరో జవాబు: పెద్ద సంస్థ మోజు వద్దు. 11 పలకలకు చేరాక దాన్ని ఎవరూ మింగలేరు. అందులో పెట్టిన డబ్బు ఆట ముగిసేదాకా బయటికి రాదు. ఆ మోజుతో చేతులు ఖాళీ చేసుకున్నవాళ్లంటే నాకు మహా ఇష్టం, ఎదుటి కుర్చీలో ఉంటే!

ప్రశ్న వేసినవారు: మరి విలీనంలో మునిగిన సంస్థవి రెండు వాటాలిచ్చి, మింగిన సంస్థది ఒకటి తీసుకోవడం?

జవాబు: ఒక్కో సంస్థకు ఉన్నవే 25 వాటాలు. 13 చేతికొస్తే ఆధిక్యం ఖాయం. ఆ లెక్కకు దగ్గరైతేనే మార్చుకోండి, లేదంటే అమ్మేయండి.