"మళ్ళీ ముట్టయింది" అనొచ్చా?

అందరికీ నమస్కారం, ఒక మాట గురించి అడగాలి. మా పెద్దమ్మకి 62 ఏళ్ళు, ముట్లుడిగి పదేళ్ళు దాటింది, ఆమధ్య రక్తం కనబడితే "మళ్ళీ ముట్టయిందే" అంది, మేమూ ఆ మాటే పట్టుకుని మూడు నెలలు ఊరుకున్నాం. తీరా స్కాన్ తీస్తే అండాశయంలో కణితి, గ్రాన్యులోసా సెల్ ట్యూమర్ అన్నారు. అండాశయ క్యాన్సర్లలో నూటికి అయిదు కూడా ఉండదట ఈ రకం. ఆ కణితి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తయారుచేస్తుంది, దాంతో గర్భసంచి లోపలి పొర మందమై రక్తం పోతుంది. చూడ్డానికి ముట్టులాగే ఉంటుంది, కానీ ముట్టు కాదు. మరి దీన్ని తెలుగులో ఏమనాలి?

↳ ఉడగడం అనే క్రియలోనే జవాబుంది అండి. ఓపిక ఉడిగింది అంటాం కదా, కాసేపు ఆగింది అని కాదు, ఇక లేదు అని. డాక్టర్లు కూడా వరసగా 12 నెలలు రాకపోతేనే ఉడిగినట్టు లెక్కేస్తారు. అలా ఉడిగాక వచ్చేదాన్ని ముట్టు అనడం ఆ మాటకే విరుద్ధం. "రజోనివృత్తి అనంతర రక్తస్రావం" అని పుస్తకాల్లో రాస్తారు గానీ ఇంట్లో ఏ ఆడమనిషి నోటా ఆ మాట రాదు, "ముట్లుడిగాక రక్తం కనబడింది" అంటే చాలు.

↳ నేను నర్సుని. పై మాట బాగుంది, "కనబడింది" అంటే ఒక్క చుక్కైనా చెప్పుకోవచ్చు. ఎక్కువమందిలో లోపలి పొర పల్చబడటం వల్లే వస్తుంది, అయినా చూపించుకోవాల్సిందే. ఇంకోటి, కణితి అనగానే క్యాన్సర్ అనేసుకుంటారు, అది తప్పు. అండాశయంలో వచ్చే ఫైబ్రోమా అనే కణితి క్యాన్సర్ కాదు, కొందరిలో దానివల్ల పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరి ముదిరిన క్యాన్సర్‌లా భయపెడుతుంది, కణితి తీసేస్తే నీరూ పోతుంది, మెగ్స్ సిండ్రోమ్ అంటారు దాన్ని. అలాగే పెద్దావిడకి కొన్ని నెలల్లోనే గడ్డం మీద వెంట్రుకలొచ్చి గొంతు బొంగురుపోతే "వయసు మీద పడింది" అని వదిలేయకండి, మగ హార్మోన్లు చేసే కణితులు కూడా అరుదుగా ఉంటాయి.

↳ చాలా థాంక్స్ అండి. పెద్దమ్మకి ఆపరేషన్ అయింది, బాగానే ఉంది. "నయమైపోయింది" అని మేం సంబరపడితే డాక్టరుగారు ఆ మాట అప్పుడే వద్దన్నారు, ఇది 10, 20 ఏళ్ళ తర్వాత కూడా తిరగబెట్టొచ్చట, ఈ కణితి తయారుచేసే ఇన్‌హిబిన్ అనే హార్మోన్ ఎంతుందో చూసే రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండమన్నారు. "తిరగబెట్టడం" మాత్రం సరైన మాటే అనిపించింది. మా పిన్నులకి, అత్తలకి ఫోన్ చేసి "ముట్లుడిగాక రక్తం కనబడితే ఆ రోజే చెప్పండి" అని ఒక్కొక్కరికీ చెప్తున్నాను.